పాత ఆంప్లిఫయర్ దొరికిందా? నేరుగా ప్లగ్గులో పెట్టకండి
1970ల నాటి సాన్సుయి, మరాంట్జ్, పయనీర్ ఏది చేతికొచ్చినా మొదట దాని వెనక వైపు రాసిన వోల్టేజీ చూడండి. జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులవి. మన 230కి తగిలిస్తే అంతే సంగతులు.

స్పీకర్లు తీసేసి, ఫేజ్ వైరుకి సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు (ఎల్‌ఈడీ పనికిరాదు) పెట్టి ఆన్ చేయండి. భగ్గుమని వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతుంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టరో, రెక్టిఫయరో (ఏసీని డీసీగా మార్చేది) షార్టయినట్టు, వెంటనే ఆపేయండి.

తర్వాత బల్బు తీసేసి 10 నిమిషాలు వేడెక్కనిచ్చి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపైతే ఫర్వాలేదు. వోల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ మాడుతుంది. రిలే (స్పీకర్లను ఆంప్లిఫయర్‌కి కలిపే ఆటోమేటిక్ స్విచ్చు) ఉన్నవాటిలో ‘టిక్’ వినపడకపోతే సున్నా చూసి మోసపోవద్దు, రిలేకి ముందు కొలవండి.

వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర మాత్రం చాలావరకు జబ్బు కాదు, దుమ్మే.