డేటాబేస్ టెస్టులకు అసలు డేటాబేసే వాడండి

ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తుంటే, త్వరగా అయిపోతాయని టెస్టులను ఎస్‌క్యూలైట్ అనే తేలికపాటి డేటాబేస్ మీద నడపకండి. 10 అక్షరాలే పట్టాల్సిన వర్‌చార్(10) కాలమ్‌లో 50 అక్షరాలు పెట్టినా ఎస్‌క్యూలైట్ కిక్కురుమనదు, పోస్ట్‌గ్రెస్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. ఫారిన్ కీ తనిఖీ (ఒక టేబుల్ సూచించే రికార్డు మరో టేబుల్‌లో నిజంగా ఉందా అని చూడడం) కూడా ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. టెస్టులన్నీ పాసయ్యాక, రిలీజ్ రాత్రి ఇదే దెబ్బతో నేను పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడి కంటైనర్లలో నడిపే టూల్) ప్రొడక్షన్ వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌నే పెట్టుకోండి. ప్రతి టెస్టునూ ట్రాన్సాక్షన్‌లో (మార్పులన్నీ ఒకే కట్టగా) మొదలుపెట్టి చివర రోల్‌బ్యాక్ చేస్తే, అంటే ఆ మార్పులన్నీ రద్దు చేస్తే, వేగం పెద్దగా తగ్గదు, పాత డేటా కూడా మిగలదు. జీఎస్టీ, డిస్కౌంట్ లాంటి ఉత్త లెక్కలకైతే డేటాబేసే అక్కర్లేదు, ఆ కోడ్ ముక్కనే విడిగా పరీక్షించే యూనిట్ టెస్టు చాలు. మాక్‌లను (అసలు సర్వీసుకు బదులు పెట్టే నకిలీలను) పేమెంట్ గేట్‌వే లాంటి బయటి సర్వీసులకే వాడండి.