కాలనీ సంఘం అవినీతిని అడ్డుకోవాలంటే ఏం చేయాలి

విజయవాడ, గుంటూరు నగరాల్లో కాలనీ సంక్షేమ సంఘాలకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, పెన్షనర్ల సంఘాలకు కొదవ లేదు. అయితే అవినీతి మాట వచ్చేసరికి ఎక్కువ సంఘాలు వినతిపత్రం ఇవ్వడంతోనో, ధర్నా చౌక్‌లో ఒక పూట కూర్చోవడంతోనో ఆగిపోతున్నాయి. అవి అనవసరమని నేను అనను. కానీ ప్రభుత్వ రికార్డును చేతికి తెచ్చుకుని, దానిని క్షేత్రంలో కనిపించేదానితో సరిపోల్చి, ఆ రెండింటినీ నలుగురి ముందు చదివి వినిపించడమే పౌర సంఘానికి ఉన్న అసలైన బలమని నా నమ్మకం.

ఈ పద్ధతికి గట్టి చరిత్రే ఉంది. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి గ్రామాల్లో బహిరంగ విచారణలు పెట్టి, కూలీల హాజరు, చెల్లింపు పట్టికలైన మస్టర్లనూ, పనుల బిల్లులనూ ఊరి జనం ముందే చదివించింది. తమ పేరుతో ఎవరో కూలి డబ్బు తీసుకున్నట్టు జనం స్వయంగా విన్నారు. అక్కడ మొదలైన ఉద్యమమే 2005లో సమాచార హక్కు చట్టం రావడానికి ప్రధానమైన కారణాల్లో ఒకటి. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని, అంటే రికార్డులను జనం ముందే సరిచూసే పద్ధతిని, రాష్ట్రవ్యాప్తంగా నడిపి, 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని ఏర్పాటు చేసిన ఘనత మన ఆంధ్రప్రదేశ్‌ది. పల్లెల్లో నిలదొక్కుకున్న ఆ పద్ధతిని పట్టణ వార్డులకు తీసుకురావలసిన బాధ్యత ఇప్పుడు సంఘాల మీదే ఉంది.

ముందుగా సంఘం తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్, ఏటా ఆడిట్, చందాల లెక్క నోటీసు బోర్డు మీద ఉండాలి. తన జమాఖర్చులు చూపించలేని సంఘం కార్పొరేషన్ లెక్కలు అడిగితే మొదటి ప్రశ్న దానికే ఎదురవుతుంది.

తరువాత ఒక్క పనిని మాత్రమే ఎంచుకోండి. ‘మా డివిజన్‌లో జరుగుతున్న అవినీతి’ అనే విషయం మీద ఎవరూ దర్యాప్తు చేయలేరు. ఫలానా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు గురించైతే చేయగలరు. సమాచార హక్కు దరఖాస్తును సంఘం లెటర్‌హెడ్ మీద కాకుండా, ఒక సభ్యుడు తన సొంత పేరుతో పెట్టడం మేలు, ఎందుకంటే చట్టం ఈ హక్కును పౌరులకు ఇచ్చింది. నగరపాలక సంస్థ కార్యాలయానికి రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అది కూడా లేదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర లేదు. ‘పని నాసిరకంగా ఎందుకు చేశారు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది రికార్డు కాదు. ఆ పనికి సంబంధించిన ఎస్టిమేటు, టెండరు ఒప్పందం, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్షల నివేదికలు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కూ, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కూ మనకు ఉన్నాయని చాలా సంఘాలకు తెలియదు. ఆ రెండింటినీ దరఖాస్తులోనే కోరండి.

జవాబుకు గడువు 30 రోజులు. అది దాటినా, వచ్చిన జవాబు అసంపూర్ణంగా ఉన్నా, మరో 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడ కూడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. సరైన కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించగలదు. ఈ తేదీలు గుర్తుంచుకునే బాధ్యతను ఒక సభ్యుడికి ప్రత్యేకంగా అప్పగించండి, ఎందుకంటే గడువు తప్పిన అప్పీలును ఆ కారణంతోనే పక్కన పెట్టే అవకాశం ఉంటుంది.

ఎం-బుక్ చేతికి వచ్చాక టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లాలి. ఉదాహరణకు, పుస్తకంలో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాసి ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు అయినట్టు లెక్క. రోడ్డు అంచున మందం 10 సెంటీమీటర్లే కనిపిస్తే, రోడ్డంతా అలాగే ఉన్నపక్షంలో, వేసినది 30 ఘనపు మీటర్లే అవుతుంది. పొడవు, వెడల్పు పైకి కనిపిస్తాయి కాబట్టి సాధారణంగా తేడా దాగేది మందంలోనే. అయితే ఒక్క అంచు చూసి తీర్పు చెప్పకండి. నాలుగైదు చోట్ల కొలిచి, ప్రతి చోటా స్కేలు కనిపించేలా ఫొటో తీసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి. రిటైరైన ఇంజనీరు ఎవరైనా కాలనీలో ఉంటే తప్పక వెంట తీసుకెళ్లండి. కోర్ (రోడ్డును గుండ్రంగా తొలిచి తీసే నమూనా ముక్క) తీయించి మందం తేల్చమని అధికారికంగా కోరడానికి ఈ కాగితమే ఆధారమవుతుంది.

లబ్ధిదారుల జాబితాల విషయంలోనూ ఇదే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000 రూపాయలు, మొదటి అంతస్తు ఇంటికి 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి సాయం వచ్చినప్పుడు వార్డు సచివాలయంలో పెట్టిన జాబితాను వీధి వీధినా చదివి వినిపిస్తే, పేరు లేని బాధితులూ, బాధితులు కాని పేర్లూ అక్కడికక్కడే తేలిపోతాయి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది కాబట్టి, జాబితా పెట్టకపోతే ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ రాయండి.

చదివి వినిపించే సభకు వార్డు ఎమెనిటీస్ (సౌకర్యాల) కార్యదర్శినీ, ఇంజనీరునూ, కాంట్రాక్టరునూ రాతపూర్వకంగా ఆహ్వానించి, వారి వివరణ కూడా నమోదు చేయాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి మాట్లాడే అవకాశం ఇవ్వకపోతే అది న్యాయం కాదు. సభలో తేలిన అంశాలను కమిషనర్‌కు, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, అవసరమైతే లోకాయుక్తకు ఆధారాలతో పంపండి.

లంచం అడిగితే మాత్రం దారి వేరు. అక్కడ సభలు పెట్టకూడదు. డబ్బు ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కు ఫోన్ చేయాలి, టోల్‌ఫ్రీ నంబరు 1064. ఫిర్యాదు నిజమని ప్రాథమికంగా తేలితే అధికారులు నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాసి, మధ్యవర్తుల సమక్షంలో ట్రాప్ వేస్తారు, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకుంటారు. నోట్లు ముట్టిన చేతిని సోడియం కార్బొనేటు ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంటుంది. ఈ ఏడు రోజుల సంగతి ప్రతి ఇంటికీ చేరాలి.

ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పుణే సమీపంలో సతీశ్ శెట్టి, గుజరాత్‌లో అమిత్ జేఠ్వా అనే సమాచార హక్కు కార్యకర్తలు 2010లో హత్యకు గురయ్యారు. అందుకే ఒకే విషయం మీద ముగ్గురు నలుగురు విడివిడిగా దరఖాస్తు చేయాలి. కాగితాల నకళ్లు ఒకరికి మించి దగ్గర ఉండాలి. బెదిరింపు వచ్చిన రోజే పోలీసులకు రాతపూర్వకంగా తెలపాలి.

ట్రాప్ తరువాత కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఫిర్యాదుదారుడు అడ్డం తిరిగినా, ఇతర సాక్ష్యాలతో లంచం అడిగిన సంగతిని రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో చెప్పింది. అయినా ఆయన నిలబడి చెప్పే సాక్ష్యానికి ఉండే బలం వేరు. కాబట్టి వాయిదా ఉన్న ప్రతిసారీ సంఘం నుంచి ఒకరు ఆయనతో పాటు కోర్టుకు వెళ్లాలి. ఏ ప్లాన్ అప్రూవల్ కోసమో, ఏ పాస్‌బుక్ కోసమో ఆయన్ను లంచం అడిగారో, ఆ పని అదే కార్యాలయంలో ఆగిపోకుండా సంఘం వెంటపడి పూర్తి చేయించాలి.