నాలుగు గ్రో లైట్లకు ఒకే డిమ్మర్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం మార్చాలి

మొక్కలు పెంచే నాలుగు ఎల్‌ఈడీ లైట్లను (గ్రో లైట్లను) ఒకే డిమ్మర్‌తో నడిపేవారి కోసం ఇది. ఇక్కడి లెక్కలు 0-10 వోల్టుల సిగ్నల్ (10 అంటే ఫుల్ వెలుగు), 10 వోల్టుల పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే సిగ్నల్), రెసిస్టెన్స్ మూడింటితోనూ డిమ్ అయ్యే డ్రైవర్లకు (ఎల్‌ఈడీలకు కరెంట్ ఇచ్చే పెట్టెలకు), అంటే మీన్‌వెల్ హెచ్‌ఎల్‌జి-240హెచ్ ‘బి’ రకం లాంటివాటికి. అదే మోడల్ ‘ఎ’ రకంలో డిమ్ వైర్లే ఉండవు, సర్దుబాటు స్క్రూ డ్రైవర్‌కే ఉంటుంది. కంట్రోలర్ (డిమ్ సిగ్నల్ పంపే పరికరం) కొనేముందు లేబుల్ మీద ఆ చివరి అక్షరం చూడండి.

నాబ్ చాలా దూరం తిప్పినా వెలుగు తగ్గదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. ఒక డ్రైవర్‌కు 100 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే పొటెన్షియోమీటర్) సరిపోతుంది కాబట్టి నాలుగింటికీ అదే పెట్టేస్తారు. ప్రతి డ్రైవర్ తన డిమ్ వైర్ల నుంచి సుమారు 0.1 మిల్లీ ఆంపియర్ బయటికి పంపుతుంది. నాలుగూ ప్యారలల్‌గా కలిస్తే 0.4. అంటే 25 కిలో ఓమ్‌ల దగ్గరే 10 వోల్టులు వచ్చేస్తాయి, పాట్‌లో మిగతా ముప్పావు భాగం వృథా.

100ను డ్రైవర్ల సంఖ్యతో భాగించి, ఆ విలువ పాట్ వేయండి. నాలుగింటికి 25 కిలో ఓమ్‌లు. 22 కిలో ఓమ్‌లది వేస్తే 88% దగ్గర ఆగిపోతుంది. ఉన్న పాట్‌నే వాడాలంటే దానికి ప్యారలల్‌గా 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కట్టొచ్చు. కానీ నాబ్ సగంలో ఉన్నా వెలుగు 80% దగ్గరే ఉంటుంది. రేపు ఐదో లైటు కలిపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లైట్లు పెరిగేలా ఉంటే పాట్ వదిలేసి 0-10 వోల్టుల కంట్రోలర్ తీసుకోవడమే మేలు.

కంట్రోలర్ 20% చూపిస్తుంది, లైట్లు మాత్రం ఫుల్

ముందు లైటు మీదున్న నాబ్ బయటి కంట్రోల్ స్థానంలో ఉందో లేదో చూడండి. తర్వాత మల్టీమీటర్‌తో కంట్రోలర్ దగ్గర, లైటు దగ్గర కొలవండి. కంట్రోలర్ దగ్గర 2 వోల్టులుండి లైటు దగ్గర లేకపోతే మధ్యలో వైరు తెగింది. డిమ్ వైరు తెగితే ఈ డ్రైవర్లు ఆరిపోవు, ఫుల్‌గా వెలుగుతాయి. రెండుచోట్లా 10 వోల్టుల దరిదాపుల్లోనే ఉంటే, డ్రైవర్లు పంపే కరెంట్‌ను కంట్రోలర్ లోపలికి తీసుకోలేకపోతోంది. డిమ్ వైర్ల మధ్య 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. అయితే 10 వోల్టుల దగ్గర దానికే 4.5 మిల్లీ ఆంపియర్లు కావాలి, కంట్రోలర్ అంత ఇవ్వగలగాలి.

ఒక లైటు కలపగానే అన్నీ మసకబారాయి

ఆ లైటు డిమ్ ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. చాలాసార్లు తప్పు టెలిఫోన్ ఫ్లాట్ కేబుల్‌దే: ఒక చివర మొదటి పిన్ రెండో చివర ఆఖరి పిన్‌కు వెళుతుంది. స్ట్రెయిట్ కేబుల్ వాడండి. ప్లగ్ ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల లైట్లను కలపకండి, పిన్ వరుస వేరు కావచ్చు.

ఈఎస్‌పీ32తో మూడో వంతు వెలుగు కూడా దాటదు

ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఇచ్చే పీడబ్ల్యూఎం 3.3 వోల్టులే, డ్రైవర్‌కు 10 కావాలి. అలాంటిదే మరో బోర్డు ఆర్డ్యూనో ఊనో అయితే 5, అంటే సగం. మధ్యలో పీడబ్ల్యూఎం నుంచి 0-10 వోల్టులకు మార్చే మాడ్యూల్ పెట్టాలి.

మిణుకుమిణుకు, గుయ్యిమనే శబ్దం

230 వోల్టుల లైనులో ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి ఉంటే వెంటనే తీసేయండి, డ్రైవర్ పాడవుతుంది. రెగ్యులేటర్ లేకపోతే డిమ్ మైనస్‌ను ఎల్‌ఈడీకి వెళ్లే మైనస్‌తో కలిపారేమో చూడండి. ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు.

రాత్రి పూర్తిగా ఆరడం లేదు

ఈ డ్రైవర్లు నికరంగా డిమ్ అయ్యేది 10% వరకే. చామంతికి రాత్రి ఆ కాస్త వెలుగున్నా మొగ్గ ఆలస్యమవుతుంది. డిమ్మర్‌తో ఆర్పాలని చూడకుండా టైమర్‌తో మెయిన్స్ తెంచండి. మామూలు స్మార్ట్ ప్లగ్ వద్దు: నాలుగు డ్రైవర్లు ఒకేసారి ఆన్ అయినప్పుడు లాగే కరెంట్‌కు దాని రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. కాంటాక్టర్ (ఎక్కువ కరెంట్ తట్టుకునే పెద్ద రిలే) పెట్టి, దానికి ముందు ‘సి’ కర్వ్ ఎంసీబీ (ఆన్ చేసిన క్షణం లాగే కరెంట్‌కు తొందరగా ట్రిప్ కాని బ్రేకర్) వేయండి. కాంటాక్టర్ కాయిల్ 230 వోల్టులదైతే టైమర్‌తో నేరుగా నడుస్తుంది.