అనుభవం చెప్పుకోవడం, 4వ పాఠం: 'సరిగ్గా అప్పుడే'

గుడిలోనో, జాతరలోనో, దర్గాలోనో మనకు కలిగిన అనుభవాన్ని ఎలా చెప్పుకోవాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. పోయిన పాఠం చివర "మీ అనుభవాన్ని ఒక మనిషికి నోటితో చెప్పి చూడండి" అన్నాను. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. తప్పు నాదే. ఒకావిడ ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికల్లా బావగారు డాక్టర్ నంబరు పంపారు, మేనత్త తాయెత్తు ఫొటో పంపింది. హనుమకొండ తమ్ముడొకరు అన్నం తినేటప్పుడు నాన్నకు చెబితే, ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారట. ఇంకొకరు తమ అత్తమ్మకు శిగం వచ్చిన (ఒంటి మీదికి దేవుడు వచ్చిన) సంగతిని సొంత అనుభవంగా పదిమందిలో చెప్పారు. అత్తమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

ముందు ఈ మూడోది తేల్చుకుందాం. శిగం ఊగింది ఆవిడ, పక్కన నిలబడి చూసింది మీరు. ఆవిడ కొప్పు ఊడిపోవడం, మీరు చంటివాణ్ణి వెనక్కి లాక్కోవడం, గాల్లో బండారి పసుపు, మీ భయం. ఇవి మీవి, నిక్షేపంగా చెప్పుకోండి. ఆవిడ లోపల ఏం జరిగిందో ఆవిడే చెప్పాలి, అదీ ఇష్టమైతే.

మరి ఎవరికి చెప్పాలి? నేనైతే సలహా ఇవ్వని మనిషిని వెతుక్కుంటాను. నాకు అలాంటివాడు ఒక్కడే దొరికాడు, కాజీపేటలో, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. గుడికి పోడు. "ఊఁ, తర్వాత?" అంటాడు, అంతే. భక్తి ఎక్కువున్న స్నేహితులకు చెబితే నా కథలోకి వాళ్ల దేవుణ్ణి తెస్తారు, అందుకే ముందు ఇతనికి చెప్పి, ఆ తర్వాతే వాళ్ల దగ్గరికి పోతాను.

ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరు అన్నవి రాయడం మీకు వచ్చు. వదిలేస్తున్నాను.

ఇక నన్ను విసిగించిన సంగతి. మీరు పంపినవాటిలో సగానికి పైగా 'సరిగ్గా అప్పుడే' అనే మాట ఉంది. భద్రకాళి అమ్మవారి ముందు కళ్లు మూసుకున్నాను, సరిగ్గా అప్పుడే గంట మోగింది. ఐలోని గుడిలో మల్లన్నకు పట్నం (నేల మీద రంగుపొడుల ముగ్గు) వేస్తున్నారు, సరిగ్గా అప్పుడే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. దర్గాలో చాదర్ కప్పాను, సరిగ్గా అప్పుడే చినుకు పడింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. సరిగ్గా అప్పుడే బల్లి కూడా పలికింది!

గంట రాసినావిడను, వెంట వచ్చిన చెల్లెల్ని అడగమన్నాను. చెల్లెలు ఏమందో ఆవిడే రాసి పంపారు: "గంట మోగినప్పుడు మనం ఇంకా చెప్పుల కాడనే ఉంటిమి గదనే అక్కా." ఐలోని ఆయన ఫోన్‌లో కాల్ వచ్చిన టైమ్ చూసుకున్నారు. పట్నం అయిపోయి, అన్నాలు కూడా తిన్నాక వచ్చింది ఆ ఫోన్.

మిమ్మల్ని అబద్ధాలకోర్లని అనడం లేదు. నేనూ అదే పని చేశాను. 2020 మేడారం జాతర, ఫిబ్రవరి 6, గురువారం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తున్నారు. జిల్లా ఎస్పీ గాల్లోకి కాల్పులు జరిపి తల్లికి స్వాగతం చెబుతారు కదా, ఆ చప్పుడు వినబడగానే వెనక నుంచి మా అమ్మ "పెద్దోడా" అని పిలిచింది. అమ్మ పోయి అప్పటికి ఏడాది. మూడేళ్లు ఇలాగే చెప్పాను, విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఒకరోజు పాత జేబు డైరీ దొరికింది. ఆ రాత్రి నా చేత్తో నేనే రాసుకున్నది: "తుపాకీ చప్పుళ్లు. టీ. చెప్పు తెగింది. జంపన్న వాగు దారిలో అమ్మ పిలిచినట్టయింది."

టీ ఏమైంది? తెగిన చెప్పు ఏమైంది? చెప్పగా చెప్పగా రాలిపోయాయి. తుపాకీ, అమ్మ పిలుపు పక్కపక్కకు వచ్చి కూర్చున్నాయి. చప్పుడు విన్నది నిజం, పిలుపు విన్నదీ నిజం, రెంటికీ ముడేసింది మాత్రం నేను. ఇప్పుడు టీతో, చెప్పుతో సహా చెబుతున్నాను. ఒక కాలికి చెప్పు లేకుండా, బెల్లం సంచి భుజాన వేసుకుని నడుస్తుంటే వినబడిన పిలుపు నాకు ఇంకా దగ్గరగా ఉంది. మా అమ్మ తుపాకీ చప్పుళ్లకు వచ్చే మనిషి కాదు, చెప్పు తెగితే తిట్టడానికి వచ్చే మనిషి.

మన పోతన ఏం చేశాడో చూడండి. భాగవతం మొదట్లో తన అనుభవం తనే చెప్పుకున్నాడు. చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చుని, కళ్లు కాస్త తెరిచి ధ్యానం చేస్తున్నాడు. ధ్యానం మహేశ్వరుడిది, కనబడింది రామభద్రుడు! మనమైతే రాముణ్ణే తలుచుకుంటుండగా సరిగ్గా అప్పుడే రాముడు వచ్చాడని సర్దేసేవాళ్లం. ఆయన సర్దలేదు. కళ్లు అరమోడ్పుగా ఉన్నాయన్నదీ దాచలేదు. ఊరికి తిరిగొచ్చి, గురువుల, పెద్దల, పండితుల, బంధువుల అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టాడు. ఎవరికి చెప్పాలన్న ప్రశ్న ఆయనకూ వచ్చే ఉంటుంది.

చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటున్నవాళ్లకు, వేములవాడ రాజన్నకు కోడెను కట్టే మొక్కు కథలు వింటూ పెరిగినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. కష్టం, ప్రార్థన, ఫలితం అనే వరస నోట్లో ముందే తయారుగా ఉంటుంది. దాని గురించి 5వ పాఠంలో.

అభ్యాసం. ఒకే అనుభవాన్ని ఏడు రోజులు, రోజూ మొదటి నుంచి రాయండి, నిన్నటిది చూడకుండా. నేను పాత క్యాలెండర్ కాగితాల వెనక రాస్తాను, మీరు ఫోన్‌లో మాత్రం వద్దు, వేలు దానంతటదే నిన్నటిది తెరుస్తుంది. ఎనిమిదో రోజు ఏడూ నేల మీద పరిచి, మొదటి రోజు లేకుండా తర్వాత వచ్చి చేరినవాటి కింద ఎర్ర పెన్నుతో గీయండి. మొదటి రోజు ఉండి తర్వాత రాలిపోయినవి వేరే కాగితం మీద ఎక్కించండి. ఆ రోజు మీతో ఉన్న ఒకరిని అడగండి, మీరు రాసింది ముందు చెప్పకుండా. రాలిపోయినవాటి కాగితం మాత్రమే నాకు పంపండి. గ్రూపులో పెట్టకండి.