పాత ప్లగిన్లు, కొత్త సాఫ్ట్‌వేర్: సన్నాయి సౌండు పోకుండా ఏం చేయాలి

పాత పాట ప్రాజెక్టుని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో తెరిచారు. ట్రాకుల మీద ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ లోపల వాయిద్యంలా పలికే చిన్న ప్రోగ్రాం) దొరకలేదని వచ్చింది. ముందు ఆ ప్రాజెక్టుని మూసేయండి, సేవ్ మాత్రం కొట్టకండి. ప్లగిన్ లేకపోయినా దాని సెట్టింగుల్ని జాగ్రత్తగా దాచి ఉంచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవతల పారేసేవీ ఉన్నాయి. మీది ఏ రకమో తేలేదాకా ఫైలుని వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే ప్రయోగాలు చేయండి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేడ మీద నాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. పైడితల్లమ్మ సిరిమాను పాటలు, అరసవల్లి రథసప్తమి పాటలు, జముకుల కథలు, అప్పుడప్పుడు సంగీత కళాశాల పిల్లల వయొలిన్, ఇదీ నా పని. నా పాత పాటల్లో తీగల సెక్షన్లు ఎడిరోల్ ఆర్కెస్ట్రల్ అనే ప్లగిన్‌వి, ప్యాడ్లు (వెనక సాగుతూ ఉండే మెత్తని శబ్దాలు) హైపర్‌సోనిక్ 2 అనే ప్లగిన్‌వి. సన్నాయి ఎవరో సింథ్‌ఎడిట్ అనే ప్లగిన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉచితంగా పంచిన ప్లగిన్‌ది. మూడూ 32 బిట్‌వే, ఇప్పుడు మూడింటికీ దిక్కు లేదు. కానీ పాట చేయించుకున్న పార్టీకి ఈ గొడవ పట్టదు. పోయినేటి ట్రాక్ మీదే కొత్త చరణం పాడించుకుందామని వస్తారు. విన్నాక "ఏటి మాస్టారూ, సన్నాయి మారిపోనాదేటి?" అంటారు. వాళ్ల చెవి తప్పు చెప్పదు.

అసలు ఏది ఆగిపోయిందో ముందు తేల్చుకోవాలి. రెండు వేర్వేరు సమస్యల్ని చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది 32 బిట్. పాత 32 బిట్ పద్ధతిలో రాసిన ప్లగిన్ ఇప్పటి 64 బిట్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా నడవదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో లాజిక్ 2013లోనే 32 బిట్ ప్లగిన్లని వదిలేసింది. క్యూబేస్ 2016 చివర్లో వచ్చిన 9వ వెర్షన్‌తోనూ, ఏబుల్టన్ లైవ్ 2018లో వచ్చిన 10వ వెర్షన్‌తోనూ అదే బాట పట్టాయి. రెండోది వీఎస్టీ2. ఇది ప్లగిన్లు తయారుచేసే 1999 నాటి ఫార్మాట్. దీని తర్వాతిదైన వీఎస్టీ3ని క్యూబేస్ తయారుచేసే స్టెయిన్‌బర్గ్ కంపెనీ 2008లో తెచ్చింది. 2018లో వీఎస్టీ2కి కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. రెండేళ్లలో తమ సాఫ్ట్‌వేర్లలో వీఎస్టీ2 నడవడం కూడా ఆపేస్తామని 2022 జనవరిలో ప్రకటించింది. అంటే మీ ప్లగిన్ 64 బిట్‌దే అయినా వీఎస్టీ2 అయితే రేపో మాపో ఇదే బాధ.

ప్లగిన్ ఎన్ని బిట్లదో ఫోల్డర్ పేరు చూసి నమ్మకండి. విండోస్‌లో ఆ ప్లగిన్ తాలూకు డీఎల్ఎల్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి అక్షరాలే ఉంటాయి, కంగారు పడొద్దు. మొదటి కొన్ని వరుసల్లోనే పి, ఇ అనే రెండు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన కనబడతాయి. వాటి తర్వాత కాస్త ఖాళీ వదిలి పెద్ద ఎల్ ఉంటే 32 బిట్, చిన్న డి ఉంటే 64 బిట్. చూసి, ఏమీ సేవ్ చేయకుండా మూసేయండి.

32 బిట్ అని తేలితే బ్రిడ్జ్ కావాలి. బ్రిడ్జ్ అంటే పాత ప్లగిన్‌ని వేరే ప్రాసెస్‌లో నడిపి, దాని శబ్దాన్ని 64 బిట్ సాఫ్ట్‌వేర్‌కి అందించే చిన్న ప్రోగ్రాం. విండోస్ 11 కూడా 32 బిట్ ప్రోగ్రాంలని నడుపుతుంది కాబట్టే ఇది సాధ్యం. ఎఫ్ఎల్ స్టూడియోలోనూ రీపర్‌లోనూ బ్రిడ్జ్ లోపలే ఉంది. విడిగా ఏమీ కొనక్కర్లేదు, ప్లగిన్ ఉన్న ఫోల్డర్ చూపించి మళ్లీ స్కాన్ చేయిస్తే చాలు. రీపర్‌లో మరో సౌకర్యం ఉంది. ప్లగిన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి దాన్ని ప్రత్యేక ప్రాసెస్‌లో నడిపించమని చెప్పొచ్చు. అప్పుడు ఆ ప్లగిన్ క్రాష్ అయినా ప్రాజెక్టు బతుకుతుంది. నేను పాతవాటన్నిటికీ అలాగే పెడతాను. ప్లగిన్ కిటికీ నల్లగా వచ్చినా, కీబోర్డు పనిచేయకపోయినా అదే మెనూలో కిటికీని లోపల ఇమిడ్చే ఆప్షన్ తీసేసి చూడండి.

క్యూబేస్, ఏబుల్టన్ వాడేవాళ్లకి జేబ్రిడ్జ్ ఉంది. డబ్బు పెట్టాలి కానీ పెద్ద ధరేం కాదు. పాత ప్లగిన్లున్న ఫోల్డర్ చూపిస్తే ఒక్కోదానికి 64 బిట్ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే కొత్త ఫైలు తయారుచేస్తుంది. ఆ కొత్త ఫైళ్లని వేరే ఫోల్డర్‌లో పెట్టించండి. సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫోల్డర్ ఒక్కటే చూపించి, అసలు ఫోల్డర్‌ని స్కాన్ జాబితాలోంచి తీసేయండి. ఇవి రెండూ ఒకే చోట కలిస్తే ఏది దొరికింది, ఏది దొరకలేదు అన్నది ఇక తేలదు. ఇంకో సంగతి, జేబ్రిడ్జ్ తయారుచేసేదీ వీఎస్టీ2 ఫైలే. వీఎస్టీ3 తప్ప ఇంకేదీ ఒప్పుకోని సాఫ్ట్‌వేర్‌కి అది సరిపోదు.

వీఎస్టీ2 సమస్యకి మందు వేరే. బ్లూక్యాట్ వాళ్ల ప్యాచ్‌వర్క్ లాంటిది తానే వీఎస్టీ3 ప్లగిన్, తన లోపల వీఎస్టీ2 ప్లగిన్లని నడుపుతుంది. కానీ పాత ప్రాజెక్టులోని సెట్టింగులు దాని లోపలికి వాటంతటవే రావు. పాత వెర్షన్ ఇంకా పనిచేస్తుండగానే ఒక్కో ప్లగిన్‌లోంచి ప్రీసెట్‌ని, అంటే దాని సెట్టింగులన్నిటినీ, ఎఫ్ఎక్స్‌పీ ఫైలుగా సేవ్ చేసుకుని, తర్వాత లోపల లోడ్ చేసుకోవాలి. నాబ్‌లు ఎక్కడున్నాయో స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి. ఎఫ్ఎక్స్‌పీ తెరుచుకోని రోజు ఆ బొమ్మే దిక్కు. అన్నట్టు, ప్లగిన్ తయారీదారు వీఎస్టీ3 వెర్షన్ ఇచ్చాడేమో ముందు చూడండి. కొందరు పాతదాని స్థానంలో కొత్తది దానంతటదే కూర్చునేలా ఏర్పాటు చేస్తారు. అలా ఉంటే ఈ తిప్పలేవీ పడక్కర్లేదు.

మ్యాక్ వాళ్లకి ఒక్క ముక్క. 2019లో వచ్చిన కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాంలు అసలు నడవవు, కాబట్టి అక్కడ 32 బిట్‌కి బ్రిడ్జ్ కోసం వెతకడం దండగ. కింద చెప్పే దారులే, అవీ ప్లగిన్ ఇంకా నడిచే పాత మ్యాక్ మీదే.

బ్రిడ్జ్ ఎంత బాగా నడిచినా అది ఇవాల్టి పని గడవడానికే. అది నడుస్తుండగానే ప్రతి పాత పాటనీ ఆడియోగా దించేయాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. ఫ్రీజ్ (ట్రాక్‌ని సాఫ్ట్‌వేర్ లోపలే తాత్కాలికంగా ఆడియో చేయడం) చేస్తే చాలదు, ఆ ఫైలు మళ్లీ ఆ ప్రాజెక్టునే పట్టుకుని ఉంటుంది. ఒక్కో ట్రాక్‌ని పాట మొదటి బార్ నుంచే వేవ్ ఫైలుగా తీయండి. రివెర్బ్‌తో (గది ప్రతిధ్వని ఎఫెక్టుతో) ఒకటి, రివెర్బ్ లేకుండా ఒకటి. మిడీ ఫైలు (ఏ స్వరం ఎప్పుడు పలకాలో ఉండేది) కూడా విడిగా తీసి, ఫోల్డర్ పేరులోనే టెంపో, శ్రుతి రాయండి. చోటు గురించి టెన్షన్ వద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు. 5 నిమిషాల పాటకి 12 ట్రాకులుంటే సుమారు 1 జీబీ, రివెర్బ్‌తో, లేకుండా రెండూ తీస్తే సుమారు 2 జీబీ.

ఆడియో ఉంటే పాత పాట భద్రం. కొత్త పాటకీ అదే సన్నాయి కావాలంటే శాంపిల్ చేసుకోవాలి, అంటే ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డ్ చేసుకోవాలి. రెండు స్థాయిల (ఆక్టేవ్‌ల) శ్రేణిలో ప్రతి మూడో స్వరస్థానం చొప్పున తీస్తే 9 స్వరాలు. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి అంటే 18 రికార్డింగులు. ఒక్కోటి ఆరేడు సెకన్లు సాగనివ్వండి, రివెర్బ్ ఆపేయండి. వాటిని ఎస్ఎఫ్‌జెడ్ ఫైలుగా అల్లుకోండి. ఇది మామూలు టెక్స్ట్ ఫైలే, ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా ఏ వేవ్ పలకాలో ఒక్కో వరుసలో రాయడమే. ప్లోగ్ వాళ్ల స్ఫోర్జాండో ఉచితంగా దొరుకుతుంది, ఈ ఫైలుని అది పలికిస్తుంది.

ఇక్కడ మన సంగీతానికి చెందిన చిక్కు ఒకటుంది. జారులు, గమకాలు మనం కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందకీ వంచే పిచ్ బెండ్ చక్రంతోనే పలికిస్తాం. ఎస్ఎఫ్‌జెడ్‌లో ఏమీ రాయకపోతే బెండ్ పైకీ కిందకీ 200 సెంట్లు, అంటే రెండు స్వరస్థానాలు. పాత ప్లగిన్‌లో మీరు దాన్ని ఐదుకో ఏడుకో పెట్టుకుని ఉంటే పాత మిడీలోని గమకాలన్నీ కుంచించుకుపోయి, సన్నాయి శ్రుతి తప్పినట్టు వినబడుతుంది. పాత ప్లగిన్‌లో బెండ్ ఎంత ఉందో చూసి అదే అంకెని సెంట్లలోకి మార్చి (ఐదైతే 500) రాయండి. ఇలా చేసుకున్న శాంపిల్స్ మీ పాటల వరకే వాడుకోండి, స్నేహితులకి పంచకండి. చాలా లైసెన్సులు దానికి ఒప్పుకోవు.

పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. ఇంటర్నెట్ పీకేసి, క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తానికీ ఇమేజ్ (పూర్తి నకలు) తీసి, సౌండ్ మాడ్యూల్‌గా పక్కన పెట్టుకోండి. మిడీ కేబుల్ లోపలికి, లైన్ అవుట్ మీ కొత్త కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి. మన కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ మీదే పెట్టండి. డాంగిల్ (లైసెన్సు దాచి ఉండే చిన్న యూఎస్‌బీ తాళం) ఉంటే కంప్యూటర్ కంటే భద్రంగా చూడాలి. స్టెయిన్‌బర్గ్ ఆ లైసెన్సులు చూసుకునే తన ఈలైసెన్సర్ సేవని 2025లో మూసేసింది. ఇప్పుడు డాంగిల్ పోతే లైసెన్సూ పోయినట్టే.

దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. కాబట్టి శ్రావణం నుంచి ఆ మంగళవారం దాకా నా గదిలో ఏ అప్‌డేటూ ఉండదు. పాత ప్రాజెక్టులు దించే పని కార్తీకంలో, చేతిలో పాటలు తక్కువున్నప్పుడు పెట్టుకుంటాను. ఒక్కో పాటకి అరపూట పడుతుంది. పార్టీ వాళ్లు పాత ట్రాక్ అడిగితే ఆ అరపూట చార్జీ ముందే చెప్పేయండి. రికార్డింగ్ అయ్యాక చెబితే ఎవరూ ఇవ్వరు.