పెరటి ఆపిల్, ప్లమ్ చెట్లకు కయోలిన్ మట్టి పూత: ముక్కు పురుగు రాకముందే వేయవలసిన కవచం

అమెరికా తూర్పు రాష్ట్రాలలో, అంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా వంటి చోట్ల, పెరట్లో ఆపిల్, ప్లమ్ లేదా పీచ్ మొక్క పెంచుకునేవారికి ఎదురయ్యే మొదటి నిరాశ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. చెట్టు నిండుగా పూస్తుంది, పిందె కూడా బాగానే పడుతుంది, కానీ మే నెల ముగిసేసరికి ఆ పిందెలలో చాలా భాగం నేలపాలవుతుంది, కొమ్మ మీద నిలిచిన కాయల తొక్కపై నెలవంక ఆకారంలో చిన్న గాటు కనిపిస్తుంది. ఆ గాటు ప్లమ్ కర్క్యులియో అనే ముక్కు పురుగు గుడ్డు పెట్టిన గుర్తు. మన మామిడి టెంకలో బయటపడే ముక్కు పురుగు కూడా ఈ కుటుంబానిదే. ఈ పురుగు బియ్యపు గింజ కంటే పెద్దగా ఉండదు. బూడిద, గోధుమ రంగులు కలిసిన వీపు మీద చిన్న చిన్న బుడిపెలు, ముందుకు వంగిన పొడవాటి ముక్కు దీని ఆనవాళ్లు. రాలిన ప్రతి పిందెకూ దీన్నే దోషిని చేయనక్కరలేదు, ఎందుకంటే చెట్టు తాను మోయలేనన్ని పిందెలను తనంతట తానే వదిలేస్తుంది. రాలిన పిందెను చాకుతో రెండుగా కోసి, లోపల గింజ దగ్గర తెల్లటి, కాళ్లు లేని పిల్లపురుగు ఉందేమో చూస్తే సంగతి తేలిపోతుంది.

ఘాటైన పురుగుమందులు కొట్టడం ఇష్టంలేని ఇంటివారికి ఈ పురుగు విషయంలో అందుబాటులో ఉన్న మంచి సాధనం కయోలిన్, అంటే చీనా మట్టి. పింగాణీ సామాను తయారీలో, కాగితానికి నునుపు తేవడంలో వాడే తెల్ల మట్టినే బాగా శుద్ధి చేసి, అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చి, రెండు మైక్రాన్ల లోపు రేణువులుగా నూరి పంటల కోసం తయారుచేస్తారు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పరిశోధకులు మైకేల్ గ్లెన్, గ్యారీ ప్యూటర్కా 1990లలో వెస్ట్ వర్జీనియాలోని కీర్నీస్‌విల్ పండ్ల పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతిని రూపొందించారు. ఆ కృషి నుంచే ‘సరౌండ్’ అనే పొడి మార్కెట్‌లోకి వచ్చింది. సేంద్రియ సాగులో కూడా దీనికి అనుమతి ఉంది.

వాడే ముందు అర్థం చేసుకోవలసినది ఏమిటంటే, ఈ మట్టి పురుగును చంపే విషం కాదు. పూత మీద వాలిన పురుగు కాళ్లకు, ముక్కుకు, ఒంటికి సన్నని రేణువులు అంటుకుంటాయి. అది గుడ్లు పెట్టడం, కాయను కొరకడం మానేసి ఒళ్లు దులుపుకోవడంలో పడుతుంది, చివరికి విసిగి మరో చెట్టు వెతుక్కుంటుంది. తెల్లబడిన చెట్టును అది తన ఆహారంగా గుర్తించడం కూడా కష్టమవుతుంది. కాబట్టి పురుగు రాకముందే పూత చెట్టు మీద ఉండాలి, ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. కయోలిన్ పనిచేయలేదని చెప్పేవారిలో ఎక్కువమంది కాయ మీద గాటు కనిపించాక స్ప్రేయర్ చేతపట్టినవారే అని నా అభిప్రాయం. అప్పటికి గుడ్డు కాయ లోపల ఉంటుంది, దాన్ని బయటి మట్టి ఏమీ చేయలేదు.

పొడి ఎంపికలో పొదుపు పనికిరాదు. కుండలు చేసేవారికి అమ్మే కయోలిన్, సౌందర్య సాధనాల దుకాణాలలో దొరికే కయోలిన్ చవకగానే వస్తాయి కానీ, వాటి రేణువులు ఒకే పరిమాణంలో ఉండవు, అవి ఆకుకు సరిగా అంటుకోక మొదటి వానకే జారిపోతాయి, నాజిల్‌కు అడ్డం పడతాయి. తెల్లగా ఉంది కదా అని సున్నం, ముగ్గు పిండి కలిపి కొట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే సున్నపు క్షారానికి లేత ఆకులు మాడిపోతాయి. పంటల కోసమని సంచి మీద రాసి ఉన్న పొడినే కొనాలి. అది సాధారణంగా 25 పౌండ్ల, అంటే పదకొండు కిలోలకు కాస్త పైబడిన సంచిలో వస్తుంది. తడి తగలకుండా మూత బిగించిన డబ్బాలో పోసుకుంటే మరుసటి ఏడాదికి కూడా పనికివస్తుంది.

కలపడంలో కొలత ముఖ్యం. లీటరు నీటికి 30 నుంచి 60 గ్రాముల వరకు వాడవచ్చు. మొదటి రెండు పూతలకు 60 గ్రాములు, పునాది కుదిరాక తరువాతి పూతలకు అందులో సగం వేసుకుంటే సరిపోతుంది. ఆ లెక్కన పది లీటర్ల స్ప్రేయర్‌కు మొదట 600 గ్రాముల పొడి పడుతుంది. వంటింటి త్రాసుతో తూచుకోవడమే మేలు, ఎందుకంటే ఈ పొడి చాలా తేలిక, గిన్నెతో కొలిస్తే ఒక్కొక్కసారి ఒక్కో బరువు వస్తుంది. బకెట్‌లో ముందుగా మొత్తం నీటిలో పావు వంతు పోసి, పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కర్రతో గట్టిగా తిప్పాలి, ఉండలు కరిగి పలుచని మజ్జిగలా అయిన తరువాత మిగతా నీరు కలిపి, సన్నని జల్లెడ గుండా స్ప్రేయర్‌లోకి వడపోయాలి. పొడి గాలికి లేచి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది కాబట్టి కలిపేటప్పుడు మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. మట్టి రేణువులు నీటిలో కరగవు, తేలుతూ ఉంటాయంతే. నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే అడుగున పేరుకుంటాయి, అప్పుడు చెట్టు మీద పడేది ఉత్త నీరే. అందువల్ల కొట్టేటప్పుడు మధ్యమధ్యలో భుజానున్న స్ప్రేయర్‌ను కుదుపుతూనే ఉండాలి.

పిచికారీకి వాన సూచన లేని, గాలి తక్కువగా ఉన్న ఉదయాన్ని ఎంచుకోవాలి. ఆకుల మీద మంచు తడి ఆరిన తరువాత మొదలుపెడితే, మధ్యాహ్నానికల్లా పూత పూర్తిగా ఆరుతుంది. సన్నని పొగమంచులా పడేట్టు నాజిల్ బిగించి, ఆకులు, పిందెలు తడిసి, బొట్టు జారబోతున్న దశలో ఆపాలి. జారేంతగా కొడితే మట్టి కూడా నీటితో పాటు నేలకు పోతుంది. తలకంటే కాస్త ఎత్తున్న పొట్టి రకం చెట్టుకు మూడు నాలుగు లీటర్లు చాలు, పెద్ద చెట్టుకు అంతకు రెట్టింపు పడుతుంది. పురుగు ఎగిరే వస్తుందని అనుకోవద్దు, చల్లని వేళల్లో అది కాండం మీదుగా నడిచి కూడా ఎక్కుతుంది. అందువల్ల మొదలును, పెద్ద కొమ్మలను కూడా తెల్లబరచాలి. రెండు మూడు పిందెలు ఒకదానికొకటి ఆనుకుని గుత్తిగా ఉన్నచోట వాటి మధ్యకు పూత చేరదు, పురుగుకు కావలసినది సరిగ్గా అలాంటి చోటే. గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి తుంచేస్తే పూతా బాగా పడుతుంది, కాయా బాగా ఊరుతుంది. తడిగా ఉన్నప్పుడు పూత దాదాపు కనిపించదు, ఆరిన తరువాతే తెల్లబడుతుంది. మొదటిసారి పలుచగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, రెండో పూతకు, మూడో పూతకు అది నిండుగా కుదురుకుంటుంది.

ఇంతకూ ఎప్పుడు మొదలుపెట్టాలి? శీతాకాలమంతా రాలిన ఆకుల కింద, చెట్ల గుంపుల అంచులలో దాగి ఉన్న పెద్ద పురుగులు వసంతంలో చెట్లు పూచే రోజులలో బయటికి వస్తాయి, రేకులు రాలి పిందె కట్టగానే గుడ్లు పెట్టడం ప్రారంభిస్తాయి. విచ్చుకున్న పూల మీద మట్టి పడితే పరాగసంపర్కానికి అడ్డం, కాబట్టి చెట్టు పూలతో ఉన్న రోజులలో కొట్టకూడదు. పూరేకులు చాలావరకు రాలిన రోజే మొదటి పూత పడాలి. మధ్య న్యూజెర్సీలో ఆపిల్‌కు ఇది మామూలుగా మే నెల ఆరంభంలో వస్తుంది, ప్లమ్‌కు అంతకంటే ముందే వస్తుంది. అయితే కేలండర్ కంటే చెట్టును చూసి నిర్ణయించుకోవడమే సరైనది. ఆ తరువాత రెండో పూతను వారం లోపే వేసి, ఆపై వారానికి లేదా పది రోజులకు ఒకసారి కొనసాగించాలి, ఎందుకంటే ఈ దశలో పిందె రోజురోజుకూ ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ పూత పగిలి కొత్త తొక్క బయటపడుతుంది. చిరుజల్లులకు పూత నిలుస్తుంది, అంగుళం దాకా గట్టి వాన పడితే మాత్రం ఆరిన వెంటనే మళ్లీ కొట్టాలి. పురుగు ఉద్ధృతి నాలుగు నుంచి ఆరు వారాలలో తగ్గిపోతుంది.

పియర్ చెట్టు ఉన్నవారికి లెక్క వేరు. పియర్ సిల్లా అనే రసం పీల్చే పురుగు మొగ్గలు ఉబ్బే రోజుల్లోనే కొమ్మల మీద గుడ్లు పెడుతుంది కనుక, ఇంకా ఆకు రాని కొమ్మలకే పూత వేయాలి.

స్థలం ఉంటే, ముందుగా పూసే ఒక ప్లమ్ చెట్టును పూత వేయకుండా ఎరగా వదిలేయడం మంచి ఎత్తు. తెల్లబడ్డ చెట్లను వదిలిన పురుగులు అక్కడికి చేరతాయి. చల్లగా ఉండే తెల్లవారు వేళ ఆ చెట్టు కింద పాత దుప్పటి పరిచి, గుడ్డ చుట్టిన కర్రతో కొమ్మను ఒక్కసారి గట్టిగా తడితే అవి టపటపా రాలి, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. అవి నటన చాలించి లేచేలోగా సబ్బునీటి డబ్బాలో వేసేయాలి. రాలిన పిందెలను వారానికి రెండుసార్లయినా ఏరి, సంచిలో మూతికట్టి చెత్తలో పడేయాలి. అక్కడే వదిలేస్తే లోపలి పిల్లపురుగులు మట్టిలోకి దిగి ప్యూపాలుగా మారి, పెద్ద పురుగులై బయటికి వస్తాయి.

కయోలిన్ ఆకులు తినే జపనీస్ బీటిల్‌ను బాగానే దూరం పెడుతుంది; అమెరికాలో ఈ పురుగును మొదట 1916లో న్యూజెర్సీలోనే గుర్తించారు. కాయ తొలిచే కాడ్లింగ్ మాత్ మీద దీని ప్రభావం పాక్షికమే. ఆపిల్ స్కాబ్, ఫైర్ బ్లైట్, పీచ్ కుళ్లు వంటి తెగుళ్లకు దీనితో ఎలాంటి సంబంధం లేదు, వాటికి వేరే ఉపాయాలు చూసుకోవాలి. పూతను వేసవి అంతా సాగదీయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే మట్టి మిత్ర పురుగులకూ అడ్డమే, దాంతో పొలుసు పురుగులు, నల్లి పెరిగే అవకాశం ఉంది. ముక్కు పురుగు కాలం అయిపోగానే ఆపేయాలని నా సలహా. ఎండకు కాయ కమిలే రకాలకు మాత్రం మండువేసవిలో పలుచగా ఒకటి రెండు పూతలు అదనంగా వేయవచ్చు.

ఈ చివరి ఉపయోగమే తెలుగు నేల మీద ఉన్నవారికి ఎక్కువ పనికివస్తుంది. ప్లమ్ కర్క్యులియో మన దగ్గర లేదు, కానీ అనంతపురం ఎండలకు దానిమ్మ కాయ ఒక పక్క కమిలిపోవడం రైతులకు తెలిసిన బాధే. లీటరుకు 50 గ్రాముల కయోలిన్ కలిపి కొడితే ఎండ వేడిని పూత తిప్పికొడుతుంది, ఆకుల నుంచి నీరు ఆవిరవడం కూడా తగ్గుతుంది. మామిడి, జామ కాయలలో గుడ్లు పెట్టే పండు ఈగకు మాత్రం మిథైల్ యూజినాల్ ఎరలు, కాయలకు సంచులు తొడగడమే మేలైన మార్గం.

ఆకులు తెల్లబడితే చెట్టు ఆహారం ఎలా తయారుచేసుకుంటుందని చాలామంది అడుగుతారు. ఈ పూతకు సూక్ష్మమైన ఖాళీలు ఉంటాయి కనుక గాలి ఆడుతుంది, చెట్టుకు కావలసిన వెలుతురులో అధికభాగం లోపలికి చేరుతుంది. కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలనే నియమం కూడా దీనికి లేదు. నునుపైన ఆపిల్‌ను తడిగుడ్డతో తుడిస్తే మట్టి పోతుంది, తొడిమ గుంటలోనూ కింది వైపు గుంటలోనూ మిగిలినదాన్ని మెత్తని బ్రష్‌తో రుద్దాలి. నూగు ఉన్న పీచ్ మీద నుంచి మాత్రం అది సులభంగా వదలదు, కాబట్టి పీచ్‌కు కాయ చిన్నదిగా ఉన్నప్పుడే ఆపేయడం తెలివైన పని. ఇక ప్రతిసారీ కొట్టడం ముగించగానే స్ప్రేయర్‌లో మంచినీరు పోసి, నాజిల్‌లో తెల్లదనం పోయేవరకు బయటికి వదలాలి. మట్టి ఒకసారి లోపల ఎండిందంటే మరుసటి వారం నాజిల్ విప్పి సూదితో పొడవవలసి వస్తుంది.