హర్లింగ్ లీగ్ మీద పందెం కాసే ముందు జాగ్రత్తలు

హర్లింగ్ అంటే కర్రతో బంతిని కొట్టే ఐర్లండ్ ఆట. ఇది ఐర్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం. ఆంధ్ర, తెలంగాణల్లో ఆన్‌లైన్ పందెం నేరం, అక్కడివాళ్లు ఆట చూసి ఊరుకోండి.

- పోయిన వేసవి ఫామ్‌ని నమ్ముకోవద్దు. 2024లో ఆల్ ఐర్లండ్ (వేసవి ఛాంపియన్‌షిప్ టైటిల్) గెలిచిన క్లేర్ కౌంటీ జట్టు, 2025 లీగ్‌లో అన్నిటికంటే పైదైన 1ఎ డివిజన్ నుంచి కిందికి జారింది. పెద్ద జట్ల గురి వేసవి ఛాంపియన్‌షిప్ మీదే. లీగ్‌లో కొత్త కుర్రాళ్లని పరీక్షిస్తారు.
- జట్టు ప్రకటించేదాకా ఆగండి. సీజన్ మొదట్లో కొందరు కుర్రాళ్లు ఫిట్జ్‌గిబ్బన్ కప్‌లో కాలేజీలకీ ఆడుతుంటారు.
- గాలి, బురద చూసుకోండి.
- 5/1 ధర (ఒక యూరో కాసి గెలిస్తే ఐదు యూరోల లాభం) అంటే గెలిచే అవకాశం సుమారు 17 శాతం. మీ అంచనా అంతకు మించితేనే కాయండి. అన్ని జట్ల శాతాలూ కూడితే వంద దాటుతుంది, ఆ పైది బుకీ వాటా.
- ఇంటద్దె డబ్బు మాత్రం ముట్టుకోకండి.